గ్రిల్లు వెనక కూర్చున్నవాడి లెక్క

పాఠకుల ఎక్సైజ్ సందేహాలకు రిటైర్డ్ ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా సర్కారు మద్యం దుకాణాల గురించే. ఆంధ్రప్రదేశ్‌లో అవి 2024 అక్టోబరులోనే మూతపడ్డా, వాటి తాలూకు సందేహాలు మాత్రం తీరలేదు. వచ్చిన వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మిగతా వాళ్లు కోప్పడకండి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: నేను బీకాం చదివాను. సర్కారు మద్యం దుకాణంలో ఐదేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. చేరినప్పుడు జీతం నెలకు 17,500. దుకాణాలు ప్రైవేటుకు ఇచ్చేశాక మా ఉద్యోగాలు పోయాయి. ఇప్పుడు ఒక గిడ్డంగిలో స్టోర్స్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాను. బయోడేటాలో ఆ ఐదేళ్లూ ఏమని రాయాలి? బ్రాందీ షాపు అని రాస్తే నవ్వుతారంటుంది మా ఆవిడ. పెళ్లినాడు మా మామగారు కూడా బంధువులతో ‘అల్లుడు కార్పొరేషన్‌లో’ అని ఊరుకున్నారు. (ఒక పాఠకుడు, చీరాల)

జవాబు: మీ మామగారు అబద్ధం చెప్పలేదు బాబూ. అది కార్పొరేషనే. ‘ఆంధ్రప్రదేశ్ స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్ రిటైల్ దుకాణం, షాపు సూపర్‌వైజర్’ అని పూర్తి పేరుతో రాయండి. ఆ కిందే ఏం పని చేశారో రాయండి. అదేమిటో నేను చెబుతాను. 2021లో రిటైరయ్యేదాకా అలాంటి దుకాణాలు తనిఖీ చేసినవాణ్ణే.

పొద్దున షట్టరు తీయకముందే నిన్నటి ముగింపు నిల్వా, ఇవాళ్టి ప్రారంభ నిల్వా ఒకటేనా అని చూసేవారు. ఏ సరుకు ఎన్ని రోజులకు సరిపోతుందో అంచనా వేసి డిపోకు ఇండెంటు పెట్టేవారు. లోడు వస్తే పెట్టెలు లెక్కపెట్టి దించుకునేవారు. క్వార్టర్లు పెట్టెకు 48, హాఫ్‌లు 24, ఫుల్లులు 12, బీర్లు 12, తొంభై మిల్లీలీటర్ల సీసాలైతే 96. మూతల మీద హోలోగ్రాము సరిగా ఉందో లేదో చూసేవారు. రాత్రి షట్టరు దించాక, అమ్మినవాటి లెక్కా గల్లాపెట్టెలో డబ్బూ పైసాతో సహా కలిసేదాకా ఇంటికి పోయేవారు కాదు. మొదట్లో కొన్నేళ్లు దాదాపు అన్ని చోట్లా నగదు అమ్మకమే కాబట్టి, ఆ నోట్ల కట్టలు లెక్కపెట్టడం, దాచడం, బ్యాంకులో జమచేయడం మీ మెడకే చుట్టుకునేది. ఇంకో కష్టం నాకు బాగా గుర్తు. 2020 మే 4న లాక్‌డౌన్ తర్వాత దుకాణాలు తెరిచినప్పుడు ధర 25 శాతం పెంచారు, మర్నాడే ఇంకో 50 శాతం. సీసా మీద అచ్చయింది పాత ధర, గోడకు అంటించింది కొత్త ధర. ఆ రెండింటికీ మధ్య నిలబడి రోజంతా తిట్లు తిన్నది మీరూ, మీ సేల్స్‌మెన్లూ.

గిడ్డంగి యజమానికి కావలసింది ఈ పనే. సరుకు సబ్బులైతేనేం, సీసాలైతేనేం.

లెక్క ఎంత పదునైన వ్యవహారమో నాకు ఒక పెట్టె నేర్పింది. కొత్తగా ఎస్సైగా చేరిన రోజులు. ఒక ప్రైవేటు దుకాణంలో నిల్వ తనిఖీకి వెళ్లాను. గోడ వారగా పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. పై టేపు చెక్కుచెదరలేదు. గుణించుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి, వాళ్లిచ్చిన టీ తాగాను. సాయంత్రం మా ఇన్‌స్పెక్టరు నన్ను వెంటబెట్టుకుని మళ్లీ అక్కడికే వెళ్లారు. ఒక పెట్టె పైకెత్తి చెవి దగ్గర ఊపి నా చేతికిచ్చారు. తేలిగ్గా ఉంది. తిరగేస్తే అడుగున టేపు కొత్తది. 48 ఉండాల్సిన చోట 40 ఉన్నాయి, మిగతా గళ్లలో కాగితం ముద్దలు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ దుకాణంలో పెట్టెలన్నీ ఒక్కొక్కటీ నా చేతే విప్పించారు. రాత్రి పదకొండైంది. అప్పట్నుంచి పెట్టెను ఎత్తి చూడకుండా సంతకం పెట్టలేదు.

ప్రైవేటు దుకాణంలో ఆ ఎనిమిది సీసాల తేడా ఓనరు జేబుకు సంబంధించిన సంగతి. సర్కారు దుకాణంలో తరుగొస్తే జవాబు చెప్పాల్సింది సూపర్‌వైజరు. పోనీ ఎక్కువ అమ్మితే ఏమైనా వచ్చేదా అంటే అదీ లేదు. సర్కారు దుకాణం పెట్టిందే అందుకన్నారు: అమ్మేవాడికి ఇంకో సీసా అమ్మాలన్న ఆశ ఉండకూడదని. ఆ మాట వరకూ నేను ఒప్పుకుంటాను. కానీ ఆశ లేకుండా చేసినవాళ్లు భరోసా కూడా లేకుండా చేశారు. పాలసీ మారిన రోజున సరుక్కి ఏర్పాటు చేశారు, గదులకు ఏర్పాటు చేశారు. మనిషిని మాత్రం మరిచిపోయారు.

ఇక పనికొచ్చే మాటలు రెండు. మీరు ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. పీఎఫ్ ఖాతాలో యజమానిగా కార్పొరేషన్ పేరుండదు, మిమ్మల్ని పెట్టుకున్న ఏజెన్సీ పేరుంటుంది. కొత్త కంపెనీవాళ్లు ఆరా తీసినప్పుడు రెండు పేర్లూ కలవకపోతే మిమ్మల్నే అనుమానిస్తారు. బయోడేటాలో ‘ఫలానా ఏజెన్సీ ద్వారా’ అని ముందే రాసేయండి. అనుభవ పత్రం ఇంకా రాకపోతే పీఎఫ్ పాస్‌బుక్కే నెలనెలా సాక్ష్యం. రెండోది, అవసరముందని ఆ పీఎఫ్ తీసేయకండి. వరసగా ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడొచ్చు. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా అంటే మీ ఐదేళ్లు అంచు మీద ఉన్నాయి. పాస్‌బుక్కులో చేరిన తేదీ, వదిలిన తేదీ ఒకసారి చూసుకోండి. కొత్త ఉద్యోగంలో చేరగానే పాత ఖాతా దానికి బదిలీ చేయించుకుంటే ఆ బాధే ఉండదు.

మీ ఆవిడకు ఈ కాలమ్ చూపించండి.

ప్రశ్న: మా వీధి చివర సర్కారు మద్యం దుకాణం ఉండేది. ఇప్పుడు అదే గదిలో ప్రైవేటు దుకాణం నడుస్తోంది. పక్కనే వేపచెట్టు కింద పోలేరమ్మ గద్దె, కాస్త అవతల పిల్లల ట్యూషన్ సెంటరు, దాని తర్వాత ప్రాథమిక పాఠశాల. గుడికీ బడికీ వంద మీటర్ల దూరంలో ఉండాలంటారు కదా. గవర్నమెంటే పెట్టుకుంటే ఆ రూలు వర్తించదా? (ఒక గృహిణి, కందుకూరు)

జవాబు: వర్తించదని ఎవరైనా మీతో అంటే నమ్మకండమ్మా. దూరం చూసేది దుకాణానికి, దాని సొంతదారుకు కాదు. రహదారుల కేసే చూడండి. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 20 వేలూ అంతకు తక్కువ జనాభా ఉన్న ఊళ్లకు దాన్ని 2017 మార్చిలో 220 మీటర్లకు తగ్గించింది. ఆ కేసు వచ్చిందే తమిళనాడు నుంచి, అక్కడ చిల్లర అమ్మకమంతా ప్రభుత్వానిదే. గవర్నమెంటు దుకాణాలు కదా అని కోర్టు వదిలిపెట్టలేదు. అవీ వేల సంఖ్యలో మూసుకోవాల్సి వచ్చింది.

ఇక మీ వీధి సంగతి. వంద మీటర్లు నిజమే, కానీ దాన్ని కొలిచే తీరు వేరు. గాలిలో గీత గీసినట్టు కొలవరు. దుకాణం గుమ్మం మధ్య నుంచి మొదలుపెట్టి, మామూలుగా మనిషి నడిచే దగ్గరి దారి వెంట, బడి గేటు మధ్యదాకా టేపు లాగుతారు. ప్రహరీ ఉంటే గేటుదాకా, లేకపోతే బడి గుమ్మందాకా. ఈ ఒక్క వాక్యం ఆసరాగా ఎన్ని తలుపులు పక్క సందులోకి తిరిగాయో నేను చూశాను. ఒక ఊళ్లో నేనే టేపు పట్టుకుంటే 97 మీటర్లు వచ్చింది. వారం తిరిగేసరికి ముందు షట్టరుకు ఇటుకలు కట్టేసి, పక్కగోడకు తలుపు పెట్టుకుని మళ్లీ రమ్మన్నారు. ఈసారి 104. నిబంధన ప్రకారం నేను చేయగలిగింది ఏమీ లేదు. బడి ఎక్కడికీ జరగలేదు, దుకాణమూ జరగలేదు.

ఏది గుడి, ఏది బడి అన్నదానికీ నిర్వచనాలున్నాయి. గుడి దేవాదాయ శాఖలో, మసీదు వక్ఫ్ బోర్డులో నమోదై ఉండాలి. చర్చి సరే. బడికి ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ఆసుపత్రికి కనీసం 30 పడకలుండాలి. అంటే మీ ట్యూషన్ సెంటరు లెక్కలోకి రాదు. పోలేరమ్మ గద్దె కూడా, ఊరంతా మొక్కినా సరే, నమోదు కాకపోతే రాదు. అమ్మవారి తప్పేం లేదు, ఆ నిబంధన రాసినవాళ్లు ఊళ్లో ఉండేవాళ్లు కాదు. మీకు మిగిలింది ప్రాథమిక పాఠశాల ఒక్కటే, దాన్నే గట్టిగా పట్టుకోండి. దుకాణానికి అనుమతిచ్చేటప్పుడు దూరాలు చూపిస్తూ స్కెచ్ గీస్తారు. సమాచార హక్కు కింద దాని నకలు అడగండి. ఫీజు 5, 10 రూపాయల మాటే, 30 రోజుల్లో జవాబివ్వాలి. స్కెచ్ చేతికొచ్చాక బడి హెడ్‌మాస్టరును సాక్షిగా పెట్టుకుని మీరే టేపు పట్టి కొలవండి. తేడా వస్తే ఆ రెండు కాగితాలూ జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. ‘మా పిల్లలు పాడైపోతున్నారు’ అన్న అర్జీకి ‘పరిశీలించడమైనది’ అని జవాబొస్తుంది. ‘స్కెచ్‌లో 112 మీటర్లు, టేపులో 88 మీటర్లు’ అన్న అర్జీకి మాత్రం ఎవరో ఒకరు టేపు పట్టుకుని రాక తప్పదు.

మీది నెల్లూరు వైపు ఊరు కాబట్టి ఒక మాట. 1992లో నేను నెల్లూరు జిల్లాలోనే ఉన్నాను. సారా వద్దంటూ దూబగుంట ఆడవాళ్ల నుంచి మొదలైన కదలిక సారా వేలంపాటలదాకా వచ్చింది. వాళ్ల చేతుల్లో చీపుళ్లున్నాయి, కారప్పొడి పొట్లాలున్నాయి. మా చేతుల్లో రూల్సు పుస్తకం ఉంది. 1993 ఏప్రిల్‌లో ముందు ఆ జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. ఏ పేజీ చూసి ఆపారని నన్నడక్కండి.

ప్రశ్న: గ్రూప్-2కు చదువుతున్నాను. ప్రభుత్వ మద్యం దుకాణాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు ఆగాయి? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. (అవనిగడ్డ)

జవాబు: పుస్తకాలు తికమకపడేది టోకుకూ చిల్లరకూ మధ్య. టోకు అమ్మకం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇవాళ్టికీ ప్రభుత్వ కార్పొరేషన్లదే. ఉమ్మడి రాష్ట్రంలో ఆ కార్పొరేషన్ పుట్టింది 1986లో. తెలంగాణలో చిల్లర దుకాణాలు ప్రైవేటువి, 2,620. ఆంధ్రప్రదేశ్‌లో చిల్లర కూడా ప్రభుత్వమే చేపట్టింది 2019 అక్టోబరు 1 నుంచి. అప్పుడు 4,380 దుకాణాలను 3,500కు తగ్గించారు, పర్మిట్ రూములు (దుకాణం పక్కనే కూర్చుని తాగే గదులు) ఎత్తేశారు, వేళలు మొదట ఉదయం 11 నుంచి రాత్రి 8. 2020 మేలో సంఖ్య 2,934కు దిగింది. 2024 అక్టోబరు 14న లాటరీ తీసి 3,396 దుకాణాలు ప్రైవేటుకు ఇచ్చారు, 16 నుంచి అవి తెరుచుకున్నాయి. వెనక్కి వెళితే, సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరి 16న మొదలై 1997లో సడలింది. మద్యనిషేధం దిశగా ప్రభుత్వాలు ప్రయత్నించాలని చెప్పే అధికరణం 47, అది ఆదేశిక సూత్రాల్లో ఉంది. ప్రాథమిక హక్కుల్లో టిక్కు పెట్టి రాకండి.

ప్రశ్న: మీకు అలవాటుందా? (పేరు, ఊరు రాయలేదు)

జవాబు: పేరు రాసుంటే చెప్పేవాణ్ణి.

ప్రశ్న: మాది హోసూరు, ఇంట్లో తెలుగే. తమిళనాడులో సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెస్తే వెనక్కిస్తారని విన్నాను. ఇది రూలా, లేక ఎవరి తెలివో? (ఒక పాఠకుడు)

జవాబు: రూలే. కోర్టు నుంచి పుట్టిన రూలు. నీలగిరుల్లో అడవి పక్కన తాగి పారేసిన సీసాల పెంకులు ఏనుగుల కాళ్లలో గుచ్చుకుంటున్నాయన్న విషయం మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. 2022లో ఆ జిల్లాలో ఈ పద్ధతి మొదలైంది, తర్వాత మిగతా జిల్లాలకూ పాకుతూ వచ్చింది. పది రూపాయలు సీసా ధరలో భాగం కాదు, అది డిపాజిట్. చిన్నప్పుడు కిళ్లీకొట్టు దగ్గర సోడాబుడ్డి తిరిగిచ్చేదాకా కొట్టువాడు మనల్ని కదలనిచ్చేవాడు కాదు చూశారా, అదే లెక్క. సీసా మీద అంటించిన గుర్తు చెరిగిపోకుండా తెచ్చివ్వండి.

నాకు నచ్చిన రూలు ఇది. సర్కారు దుకాణమైతేనే ఇలాంటిది నడుస్తుంది, ఎందుకంటే అమ్మేవాడు ఒక్కడే. వంద మంది ఓనర్లుంటే ఒకడి సీసా ఇంకొకడు తీసుకోడు. అయితే ఆ గుర్తు అంటించేదెవరు? వెనక్కొచ్చిన జిడ్డు సీసాలు పేర్చేదెవరు? అదే జీతానికి అదే సేల్స్‌మన్. సీసా వెనక్కిచ్చేటప్పుడు కనీసం అందులో సిగరెట్ పీకలు వేసి ఇవ్వకండి.

ప్రశ్న: అమెరికాలో, వర్జీనియాలో ఉంటాం. ఇక్కడా విస్కీ లాంటివి ప్రభుత్వ ఏబీసీ స్టోర్లలోనే దొరుకుతాయి. కానీ మన దగ్గరలా గ్రిల్లుండదు, తోపులాట ఉండదు. ఒకే రూలు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకుంది? (ఆష్‌బర్న్)

జవాబు: మా చిన్నమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు మీ స్టోరొకటి చూశాను. అలవాటు చావక ఒక సీసా తీసి మూతా లేబులూ వెలుతురుకు పెట్టి చూస్తుంటే, మా అల్లుడు ‘మామయ్యా, కెమెరాలున్నాయి’ అన్నాడు. అక్కడ ఆ వ్యవస్థ 1934 నుంచీ ఉంది, వాళ్ల దేశంలో మద్యనిషేధం ఎత్తేసిన మరుసటేడు పెట్టుకున్నది. బీరు, వైను కిరాణా దుకాణాల్లో కూడా దొరుకుతాయి కాబట్టి జనమంతా ఒకే గుమ్మం మీద పడరు. వయసు రెండు చోట్లా 21 ఏళ్లే.

గ్రిల్లు సంగతంటారా, అది సరుకును కాపాడటానికి పెట్టింది. సరుకు కనిపిస్తే చెయ్యి పెట్టి ఎంచుకుంటాం, కనిపించకపోతే మెడ చాచి అరుస్తాం. మన సర్కారు దుకాణాల దగ్గర కొనేవాడి మొదటి ప్రశ్న ‘ఎంత?’ అని కాదు, ‘ఏముంది?’ అని. లోపల ఏముందో బయటివాడికి తెలియని కొట్టు ముందు తోపులాట ఆగదు, అది బియ్యం కొట్టయినా అంతే.

ప్రశ్న: నేను స్కూల్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు తెరిచిన రోజు నన్ను ఒక దుకాణం ముందు టోకెన్లివ్వడానికి వేశారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. క్యూలో మా బడి పాత విద్యార్థులే ఎదురయ్యారు. ఆ డ్యూటీ నా సర్వీసు రిజిస్టరులో ఎక్కి ఉంటుందా? (ఒక మాస్టారు, ఉత్తరాంధ్ర)

జవాబు: ఎక్కదు మాస్టారూ. సర్వీసు రిజిస్టరులో రాసేవి నియామకం, ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు, పదోన్నతి, శిక్షలు. ఒక్కరోజు బందోబస్తు పని అందులో రాయరు. మీ పెన్షన్ కాగితాల్లో ఎక్కడా అది కనిపించదు. ఆ భయమే అయితే వదిలేయండి.

భయం అది కాదని నాకు తెలుసు. మద్యం దుకాణం ఎలా నడపాలో చెప్పే రూల్సులో సూపర్‌వైజరు ఉన్నాడు, సేల్స్‌మన్ ఉన్నాడు, డిపో మేనేజరు ఉన్నాడు, నేనున్నాను. మాస్టారు ఎక్కడా లేడు. మీ మీద వచ్చింది ఎక్సైజ్ రూలు కాదు, ఆ వారం నడిచిన హడావిడి.

ఆ రోజు ఇంకో దుకాణం ముందు నేనూ ఉన్నాను. తెల్లవారుజామున మనిషికీ మనిషికీ మధ్య దూరం కోసం సున్నంతో వలయాలు గీయించాం. తొమ్మిదికల్లా చెప్పులు, గోనెసంచులు, గొడుగులు వచ్చి వాటిలో కూర్చున్నాయి, మనుషులేమో చెట్టు నీడన గుంపుగా చేరారు. మా దగ్గరా ఒక టీచరుగారిని వేశారు. మీ ఈడే ఉంటుంది. ఎండలో తల మీద తువ్వాలు వేసుకుని టోకెన్లిస్తున్నారు. ఒకడు చెయ్యి చాచి, ముఖం చూసి, గబుక్కున మాస్కు కళ్లదాకా లాక్కున్నాడు. ఆయన నంబరు రాసిన చీటీ వాడి చేతిలో పెట్టి, ‘మీ అమ్మ బావుందిరా?’ అన్నారు. వాడు టోకెన్ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

అరగంట తర్వాత మళ్లీ వచ్చాడు. చేతిలో ఒక మజ్జిగ ప్యాకెట్టు. అది ఆయనకిచ్చి, క్యూ చివరికెళ్లి నిలబడ్డాడు.